పేరు అడగని ఫోను

పోయిన సంక్రాంతికి ముందు మా మేనకోడలు పట్టుబట్టి నన్ను తన ఆఫీసుకి తీసుకువెళ్ళింది. "ఇంట్లో కూచుని ఏం చేస్తావత్తయ్యా? ఇవాళ ఇంటివాళ్ళని తీసుకురావచ్చన్నారు, రా" అంది. హైదరాబాదులో అద్దాల మేడ అది. లోపల చలి చూసి, పెట్టె అడుగునున్న శాలువా తెచ్చుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ పిల్ల ఉద్యోగం అక్కడి కంప్యూటర్లకీ, ఫోన్లకీ వేసిన వైర్ల సంగతి చూసుకోవడం. మా రోజుల్లో ఆడపిల్ల ఫ్యూజు వేస్తేనే వీధి వీధంతా చెప్పుకునేవారు. సరే, కాలం మారింది. సంతోషమే.

తన బల్ల దగ్గర కూచుని కంప్యూటరు తెరిచింది. అది పేరడిగింది. చెప్పింది. పాస్‌వర్డు అడిగింది. అదీ చెప్పింది. అంతటితో నమ్మకం కుదరలేదు కాబోలు, సెల్‌ఫోనుకి ఏదో అంకె పంపి, అది కూడా కొట్టమంది. మూడు గడియలు తీసిన తరవాతగాని తలుపు తెరుచుకోలేదు. ఆ కంప్యూటరు పక్కనే నల్లటి టెలిఫోను ఒకటి వుంది. చిన్న తెర, దానిమీద టైమూ, నాలుగంకెల నంబరూ. మా పిల్ల రిసీవరు ఎత్తి, నాలుగు మీటలు నొక్కి, "రెండు టీలు పంపించండి" అని పెట్టేసింది.

"అదేమిటే? ఆ కంప్యూటరు నిన్ను అంతసేపు నిలదీసిందా, దాని పక్కనే వున్న ఈ ఫోను నీ పేరైనా అడగలేదేం?" అన్నాను.

"ఫోనుకి లాగిన్ ఏమిటత్తయ్యా! అది పొద్దున్నే దానంతటదే లేచి రిజిస్టరయిపోతుంది" అంది నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఎందుకంటే ఫోను ఎవరిని నమ్మాలి, ఎవరిని నమ్మకూడదు అన్న విషయం మీద నలభై అయిదేళ్ళ కిందట మా ఆఫీసులో పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవలో సంజాయిషీ రాసిపెట్టింది నేనే. ఆ సంగతి చెప్తాను. దానికి ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకి పేటెంటు పుచ్చుకున్నది 1876 మార్చిలో. మొదట్లో ఫోన్లు జతలుగా వుండేవి. ఇంట్లో ఒకటి, దుకాణంలో ఒకటి, మధ్య ఒక తీగ. ఇటు ఎత్తితే అటు పలికేవాడు ఒక్కడే కనక పేరూ అక్కర్లేదు, నంబరూ అక్కర్లేదు. అందరి తీగలూ ఒకచోటికి చేర్చి, ఎవరికి కావాలంటే వారికి కలిపే ఎక్స్ఛేంజి వచ్చిన తరవాతే అసలు చిక్కు మొదలైంది. అమెరికాలోని న్యూహేవెన్ అనే వూళ్ళో 1878 జనవరి 28న అలాంటి ఎక్స్ఛేంజి 21 మంది చందాదారులతో ప్రారంభమైంది. మరుసటి నెలలో డైరెక్టరీ కూడా వేశారు. డైరెక్టరీ అంటే మనం తలకింద పెట్టుకు పడుకునేటంత లావు పుస్తకం కాదు లెండి, ఒక్కటే కాగితం. అందులో యాభై పేర్లున్నాయి, ఒక్క నంబరూ లేదు. ఎక్స్ఛేంజిలో కూచున్న కుర్రాడికి "ఫలానా డాక్టరుగారిని ఇవ్వు" అంటే ఇచ్చేవాడు, అంతే.

ఆ కుర్రాళ్ళతో ఇంకో తంటా వచ్చింది. టెలిగ్రాఫు ఆఫీసుల నుంచి తెచ్చిపెట్టిన పిల్లలు. కేకలు, అల్లరి, చందాదారుల మీద ఎదురు వేళాకోళాలు. విసిగిపోయి 1878 సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయిని ఆపరేటరుగా పెట్టుకున్నారు. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోను ఆపరేటరు ఆమే. కాసేపటికే ఆమె తోబుట్టువు స్టెల్లా కూడా చేరింది. తరవాత ఎన్నో దశాబ్దాలు ఆ కుర్చీ ఆడవాళ్ళదే అయింది. మన దేశంలోనూ అంతే. మధ్యతరగతి ఆడపిల్ల తలెత్తుకు చేయగల ఉద్యోగాల్లో టీచరు, నర్సు తరవాత చెప్పుకునేది టెలిఫోను ఆపరేటరే కదూ!

ఆ కాలంలో ఫోను మనిషిని నమ్మేది. అంటే, ఆపరేటరు గొంతు గుర్తుపట్టి నమ్మేది. "డాక్టరుగారు ఇంట్లో లేరండీ, పై వీధిలో పురుడు పోయడానికి వెళ్ళారు" అని చెప్పగలిగినంత చనువు ఆ తీగల మధ్య వుండేది. మరి ఆ చనువు పోయి అంకెలు ఎందుకొచ్చాయంటే, తట్టు వల్ల వచ్చాయి. అవును, పిల్లలకి పోసే తట్టే. 1879లో లోవెల్ అనే వూళ్ళో ఆ జబ్బు వ్యాపించింది. ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు నలుగురే, చందాదారులు రెండు వందల పైచిలుకు. ఈ నలుగురూ ఒక్కసారి మంచం ఎక్కితే కొత్తవాళ్ళకి ఎవరి తీగ ఏదో ఎలా తెలుస్తుందని మోజెస్ గ్రీలీ పార్కర్ అనే డాక్టరుకి భయం వేసింది. పేర్లు తీసేసి తీగకొక నంబరు ఇవ్వమని సలహా చెప్పాడు. మన చేతుల్లోని టెలిఫోను నంబరు పుట్టుక అదీ. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడవద్దని ఒక వైద్యుడు రాసిన మందుచీటీ అన్నమాట.

మన దేశానికి ఎక్స్ఛేంజి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1882 జనవరి 28న కలకత్తాలో తెరిచారు. బొంబాయి, మద్రాసుల్లో కూడా ఆ ఏడే. డయలు తిప్పితే ఆపరేటరు లేకుండా కలిసే ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి మాత్రం 1913-14లో సిమ్లాలో మొదట వచ్చింది. వేసవికి దొరలు అక్కడికే కదా పోయేది!

ఆ ఆటోమాటిక్ ఎక్స్ఛేంజి కథ మరీ తమాషా. కనిపెట్టినవాడు ఇంజనీరు కాదు, అమెరికాలోని కాన్సస్ సిటీలో శవపేటికలు అమ్మి, అంత్యక్రియలు జరిపించే ఆల్మన్ స్ట్రోజర్. ఆయన పోటీదారుడి భార్య ఎక్స్ఛేంజిలో ఆపరేటరుట. స్ట్రోజర్‌కి వచ్చే పిలుపులన్నీ ఆవిడ మొగుడికే కలిపేస్తోందని ఆయన అనుమానం. నిజమో కాదో గాని, ఆ కోపంతోనే ఆపరేటరుతో పనిలేని యంత్రం తయారుచేశాడని చెప్పుకుంటారు. 1891లో పేటెంటు వచ్చింది, మరుసటేడు లాపోర్ట్ అనే వూళ్ళో మొదటి ఎక్స్ఛేంజి నడిచింది. వేలుపెట్టి తిప్పే డయలు 1896లో ఆయన సహచరులు చేశారు.

డయలు ఎలా పనిచేసేదో ఒక్క మాటలో చెప్తాను, ముందు ముందు పనికొస్తుంది. రిసీవరు ఎత్తగానే తీగలో కొద్దిగా కరెంటు పారుతుంది. అయిదు తిప్పి వదిలితే, డయలు వెనక్కి తిరిగేటప్పుడు ఆ కరెంటు అయిదుసార్లు తెగి అతుక్కుంటుంది. ఎక్స్ఛేంజిలోని యంత్రం తెగిన లెక్క చూసుకుని అయిదు మెట్లు ఎక్కుతుంది. సున్నాకి పది. అంతే. తిప్పింది కలెక్టరుగారా, కలెక్టరుగారి వంటవాడా అన్నది దానికి తెలియదు. దానికి తెలిసింది తీగ ఒక్కటే. బిల్లు వచ్చేది ఆ తీగ ఎవరి పేర వుంటే వాళ్ళకి.

యంత్రానికి మనిషి అక్కర్లేకపోయినా, మనకి మనిషే కావాలి గదా! అందుకని మనవాళ్ళు సర్దుబాట్లు కనిపెట్టారు. ట్రంక్‌కాల్ బుక్ చేసేటప్పుడు "పి.పి." అని చెప్పేవాళ్ళం, జ్ఞాపకం వుందా? పర్టిక్యులర్ పర్సన్ అని దాని విప్పు. ఆ మనిషే వచ్చి మాట్లాడాలి. దానికి కాస్త ఎక్కువ తీసుకునేవారు. ఇంట్లో ఫోను లేనివాళ్ళ విజిటింగు కార్డుల మీద కూడా నంబరు పక్కన పి.పి. అని వుండేది. అంటే ఎదురింటివారి ఫోను. వాళ్ళ పిల్లాడు రోడ్డు దాటొచ్చి "మీకు ఫోనండీ" అని కేక వేస్తే, మనం చేతిలో గరిటె అక్కడే పడేసి, పైట సర్దుకుంటూ పరిగెత్తడం, వాళ్ళింటిల్లిపాదీ వింటూండగా "ఆ, బాగానే వున్నాం" అనడం. తీగకీ మనిషికీ మధ్యనున్న ఆ ఖాళీని ఆ పిల్లాడి కాళ్ళు పూడ్చేవి.

ఇక మా ఆఫీసు గొడవకి వస్తాను.

1979 సంగతి. కోస్తాలో ఒక జిల్లా కేంద్రం. నేను కొత్తగా చేరిన గుమాస్తాని. ముప్ఫయి మందికి ఫోను ఒక్కటే, అది హెడ్‌క్లార్కుగారి బల్లమీద. సొంత పనులకు వాడేస్తున్నారని ఆయన దాని డయలు కన్నంలోకి చిన్న తాళం ఒకటి వేయించారు. తాళంచెవి ఆయన జేబులో. ఫోను వస్తే మాట్లాడవచ్చు, చెయ్యడానికి లేదు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లోనూ ఆ తాళాలుండేవి, మీకూ తెలుసు.

ఒకనాడు మధ్యాహ్నం హెడ్‌క్లార్కుగారు భోజనానికి ఇంటికి వెళ్ళారు. మా టైపిస్టుకి అప్పుడు ఏడో నెల. టైపు చేస్తున్నదల్లా "కళ్ళు తిరుగుతున్నాయే" అంటూ పక్కకి ఒరిగిపోయింది. పట్టుకుని చాపమీద పడుకోబెట్టాం. చీరంతా రక్తం. ఆస్పత్రి వూరికి ఆ చివర. ఇప్పటిలా 108 కొడితే వచ్చే వాన్లు లేవు. అవి మన రాష్ట్రంలో వచ్చిందే 2005 ఆగస్టులో. ఒకాయన సైకిలెక్కి తాళంచెవి కోసం పరిగెత్తాడు. నేను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఆ ఫోను వంక చూస్తూ కూచున్నాను. రిసీవరు ఎత్తితే డయల్‌టోను చక్కగా వినిపిస్తోంది. అంత దగ్గరగా వుండి అంత పనికిరాని వస్తువుని నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు మా అటెండరు ముందుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. రిసీవరు చెవికి ఆనించి, రిసీవరు పెట్టే చోటున్న మీటల్ని వేలితో టకటకా కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగుసార్లు, ఆగాడు. మళ్ళీ రెండుసార్లు, ఆగాడు. ఆయనకి మతి పోయిందేమో అనుకున్నాం. మొదటిసారి ఎవరో బియ్యం కొట్టువారు పలికారు. పెట్టేసి, చెమట తుడుచుకుని, మళ్ళీ కొట్టాడు. ఈసారి ఆస్పత్రి పలికింది. అరగంటలో వ్యాను వచ్చింది.

ఆయన చేసింది మంత్రం కాదు. ఇందాక చెప్పాను గదా, ఎక్స్ఛేంజి లెక్కపెట్టేది తెగిన కరెంటుని. డయలు తెంపినా ఒకటే, వేలు తెంపినా ఒకటే. తాళం వేసింది డయలుకి గాని తీగకి కాదు. ఈ కిటుకు ఆయన పూర్వం పనిచేసిన చోట ఎవరో నేర్పారట.

టైపిస్టు బతికింది. నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. అటెండరుకి మాత్రం మర్నాడే మెమో వచ్చింది. తాళం వేసి వున్న టెలిఫోనును ఏ అధికారంతో ఉపయోగించారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది అని. ఆయన ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఏం రాయమంటావు?" అన్నాను. "ఏముందమ్మా, అది నన్నేమీ అడగలేదు, అడిగితే చెప్పేవాణ్ణే అని రాయండి" అన్నాడు. నేను దాన్ని ఆఫీసు భాషలోకి మార్చి, ప్రాణాపాయ స్థితి, మానవతా దృష్టి వగైరాలు చేర్చి రాశాను. పై అధికారి చదివి ఫైలు మూసేశారు. తాళం మాత్రం తియ్యలేదు.

ఇదంతా మా మేనకోడలికి చెప్పి, "ఇప్పుడు చెప్పు, నీ ఫోను ఎవరిని నమ్ముతోంది?" అన్నాను. ఆ పిల్ల టీ కప్పు పక్కన పెట్టి ఓపిగ్గా చెప్పింది. నాకు తెలిసినంతలో మీకూ చెప్తాను.

ఈ ఫోను వెనక పాత టెలిఫోను తీగ లేదు. కంప్యూటర్లని కలిపే వైరే దీనికీను. ఈథర్‌నెట్ అంటారు దాన్ని, 1973లో అమెరికాలో పుట్టింది. ఆ వైరుకి తగిలించే ప్రతి వస్తువుకీ ఫ్యాక్టరీలోనే పన్నెండు అక్షరాల గుర్తు ఒకటి వేసి పంపుతారు. దాన్ని మాక్ అడ్రసు అంటారు. మొదటి ఆరూ తయారుచేసిన కంపెనీవి, చివరి ఆరూ ఆ వస్తువువి. ఇంటిపేరూ, పేరూ లాగా అన్నమాట. మాటని అంకెలుగా చేసి ఇంటర్నెట్టులో పంపడం ఇజ్రాయెల్‌లోని వోకల్‌టెక్ అనే కంపెనీ 1995లో మామూలు జనానికి అమ్మింది. అయితే అప్పుడు ఇద్దరూ ఒకే సమయానికి కంప్యూటర్ల ముందు కూచోవాలి, చెవులకి తగిలించుకోవాలి. బల్లమీద ఫోనులాగే వుండి, లోపల కంప్యూటరులాగా పనిచేసే పరికరాలు ఆ దశాబ్దం చివరికి ఆఫీసుల్లోకి వచ్చాయి. మన దేశంలో ఇంటర్నెట్టు ద్వారా ఫోను మాట్లాడడాన్ని ప్రభుత్వం 2002 ఏప్రిల్ 1 నుంచి, అదీ కొన్ని హద్దులతో, అనుమతించింది.

ఇప్పుడు ఆ నల్లపెట్టెకి వైరు తగిలించారనుకోండి. కరెంటు కూడా ఆ వైరులోంచే వస్తుంది. ఆ పద్ధతికి 2003లో ఒక ప్రమాణం ఏర్పడింది. కళ్ళు తెరవగానే ఫోను చేసే మొదటి పని, కొత్త కోడలు వీధిలో అడిగినట్టు, "ఇక్కడ నాకో చిరునామా ఇచ్చేవారెవరండీ?" అని ఆ వైరులో వున్నవాళ్ళందరికీ వినబడేలా అడగడం. చిరునామాలు పంచే యంత్రం ఒకటి వుంటుంది. అది చిరునామా ఇచ్చి, "నీ కాగితాలు ఫలానా యంత్రం దగ్గరున్నాయి, పో" అంటుంది. ఫోను అక్కడికి పోయి తన పన్నెండక్షరాల పేరు చెప్తుంది. ఆ పేరుమీద ముందే ఒక ఫైలు తయారుచేసి పెట్టి వుంటుంది. అందులో అన్నీ వుంటాయి: ఈ ఫోను నంబరు ఇది, తెరమీద కనిపించవలసిన పేరు ఇది, ఫోన్లు కలిపే పెద్ద యంత్రం ఫలానా చోట వుంది, దానికి చెప్పవలసిన రహస్యం ఇది.

ఆ తరవాతది చాలా ముచ్చటగా వుంటుంది. ఫోను పెద్ద యంత్రం దగ్గరికి వెళ్ళి "నన్ను రిజిస్టరు చేసుకోండి, నా నంబరు 4217" అంటుంది. పెద్ద యంత్రం వెంటనే నమ్మదు. "నువ్వు నువ్వేనని రుజువేమిటి?" అని అప్పటికప్పుడు పుట్టించిన ఒక అంకె ఇస్తుంది. ఫోను ఆ అంకెనీ తన రహస్యాన్నీ కలిపి రుబ్బి, ఆ ముద్దని మాత్రం పంపుతుంది. అసలు రహస్యం వైరు మీదికి రాదు. పెద్ద యంత్రం దగ్గరా అదే రహస్యం వుంది కనక, అదీ రుబ్బి చూసుకుంటుంది. రెండు ముద్దలూ ఒకటైతే సరే అని రిజిస్టరులో రాసుకుంటుంది: 4217 ఫలానా చిరునామాలో వుంది అని. పచ్చడి పంపి, దినుసుల పాళ్ళు చెప్పని పిన్నిగారి పద్ధతి అది.

అంతటితో అయిపోలేదు. ఆ రాత కొంతసేపే చెల్లుతుంది, మామూలుగా ఒక గంట. గడువు తీరకముందే ఫోను మళ్ళీ వెళ్ళి "వున్నానండీ" అని చెప్పుకోవాలి. చెప్పకపోతే కొట్టేస్తారు. మా ఆఫీసు హాజరుపట్టీ రోజుకి ఒక్కసారే వుండేది. పాపం ఈ ఫోన్లకి రాత్రనక పగలనక గంటగంటకీ సంతకమే.

"అంటే లాగిన్ లేకపోవడం కాదత్తయ్యా, నా బదులు అదే చేసుకుంటుంది" అంది మా పిల్ల. "కానైతే అది చెప్పేది దాని పేరే, నా పేరు కాదు."

ఇందులో ఒక విచిత్రం వుంది. ఈ రిజిస్టరు పద్ధతికి ఎస్.ఐ.పి. అని పేరు. 1996లో హెన్నింగ్ షుల్జ్‌రిన్నే, మార్క్ హాండ్లీ మొదలైన శాస్త్రజ్ఞులు రూపొందించడం మొదలుపెట్టారు. 1999లో మొదటి ప్రమాణం, 2002లో ఇప్పటికీ వాడుకలో వున్న ప్రమాణం వచ్చాయి. అందులో నంబరు బదులు ఈమెయిలు లాంటి చిరునామా వుంటుంది. మనిషి ఎక్కడున్నా, ఏ పరికరం ముందున్నా, "ఇవాళ నేనిక్కడ" అని రిజిస్టరు చేసుకుంటే పిలుపు అక్కడికి వెతుక్కుంటూ వెళ్ళాలని వాళ్ళ ఆశ. అంటే మన పి.పి. కాల్ అన్నమాట, రోడ్డు దాటొచ్చే పిల్లాడితో సహా! కాని ఆఫీసులు దాన్ని తెచ్చి బల్లకి కట్టేశాయి. మనిషి కోసం రాసిన పద్ధతిలో కుర్చీలు రిజిస్టరయ్యాయి.

కుర్చీని నమ్మితే వచ్చే ఇబ్బందులు వస్తూనే వున్నాయి. మా పిల్ల పక్క బల్లమీది ఫోను తెరమీద ఎవరో ఆవిడ పేరుంది. ఆవిడ ఉద్యోగం మానేసి ఏడాదయిందిట. ఇప్పుడక్కడ కూచున్న కుర్రాడు ఎవరికి ఫోను చేసినా అవతలి తెరమీద ఆవిడ పేరే పడుతుంది. "నమస్కారం మేడమ్" అంటారుట పాపం వాడిని. ఇది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది ఇంకొకటి. ఆ రహస్యం గట్టిగా పెట్టకుండా, నంబరునే పాస్‌వర్డుగా పెట్టి వూరుకుంటారు కొన్నిచోట్ల. దొంగలు ఎక్కడో కూచుని దాన్ని ఊహించి, తామే ఆ ఫోనులాగా రిజిస్టరయి, రాత్రికి రాత్రి విదేశాలకి వేలకి వేల రూపాయల కాల్స్ చేసేస్తారు. బిల్లు ఆఫీసుకి వస్తుంది. పన్నెండక్షరాల పేరు కూడా గట్టి రుజువు కాదుట. ఇంకో పరికరం అదే పేరు చెప్పుకుని ఫైలు పట్టుకుపోవచ్చు. అందుకని జాగ్రత్తపరులు ఫ్యాక్టరీలోనే ఫోనులో పెట్టిన ధ్రువపత్రం చూపిస్తేగాని ఫైలు ఇవ్వరు. ఫైలుని కూడా మూసి, ముద్రవేసి పంపుతారు.

"మరి మనిషినే అడిగితే పోలా? పేరూ, పాస్‌వర్డూ చెప్తేగాని పలకనని?" అన్నాను.

"అలా కూడా వుంటాయి. ఇవాళ ఈ బల్ల, రేపు ఆ బల్ల అనే ఆఫీసుల్లో ఫోను మీద మన నంబరు కొట్టి లాగిన్ అవుతాం. సాయంత్రం వెళ్ళేటప్పుడు తీసేస్తాం" అని, కాసేపాగి, "కాని అత్తయ్యా, అలా ఎవరూ లేనప్పుడు కూడా ఆ ఫోను చచ్చిపోకూడదు. తనంతట తను రిజిస్టరై వుండాలి. 112 కొడితే పలకాలి. మేము మొదట సరిచూసేది అదే" అంది.

ఎందుకో కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆ పిల్ల గొంతులో నవ్వు లేదు.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని మార్షల్ అనే వూళ్ళో, 2013 డిసెంబరులో, ఒక హోటలు గదిలో ఒక తల్లి మీద హత్యాప్రయత్నం జరిగింది. తొమ్మిదేళ్ళ కూతురు గదిలోని ఫోను ఎత్తి, నేర్పినట్టే 911 కొట్టింది. కలవలేదు. నాలుగుసార్లు కొట్టింది. ఆ హోటలు ఫోన్లలో బయటికి చెయ్యాలంటే ముందు ఇంకో 9 కొట్టాలిట. తొమ్మిదేళ్ళ పిల్లకి అదెవరు చెప్తారు? తల్లి చనిపోయింది. ఆ పిల్ల తాతగారు వూరుకోలేదు. పట్టువదలకుండా తిరిగి, 2018 ఫిబ్రవరిలో చట్టం తెప్పించారు. చనిపోయిన తల్లి పేరుమీదే దాన్ని కారీ చట్టం అంటారు. ఆఫీసుల్లో, హోటళ్ళలో పెట్టే కొత్త ఫోన్లన్నీ 2020 ఫిబ్రవరి నుంచి, ముందు ఏ అంకే కొట్టనక్కర్లేకుండా, నేరుగా 911కి కలవాలి. 2018 మార్చిలో వచ్చిన ఇంకో చట్టం వల్ల, ఆ ఫోను ఏ అంతస్తులో ఏ గదిలో వుందో కూడా పోలీసులకి తెలియాలి. ఎందుకంటే ఈ కొత్తరకం ఫోనుని వైరు పీకి ఇంకో అంతస్తుకి పట్టుకుపోతే నంబరూ వెంట వెళ్ళిపోతుంది. పాత తీగలా ఒకచోట పడివుండదు. సాయానికి వచ్చినవాళ్ళు పాత గది తలుపు కొట్టకూడదు గదా!

ఇది విన్నాక నాకు చాలాసేపు మాట రాలేదు. ఆ పిల్లది ఇంటర్నెట్టు ఫోనో మరో రకమో నాకనవసరం. నా కళ్ళముందు తాళం వేసిన నల్ల డయలూ, చెవిలో డయల్‌టోనూ వున్నాయి.

నూట నలభై ఏళ్ళకి పైగా మనం ఫోనుకి నమ్మకం నేర్పుతూనే వున్నాం. మొదట గొంతుని నమ్మమన్నాం. తరవాత తీగని, ఇప్పుడు పెట్టెని. ప్రతిసారీ ఎవరో ఒకరు మోసం చేస్తారని భయపడి ఒక తాళం వేస్తాం. వెయ్యాలి కూడా. డబ్బు వూరికే రాదు. కాని తాళం వేసేవాళ్ళు ఎప్పుడూ దొంగనే తలుచుకుని వేస్తారు. ఒళ్ళో తల పెట్టుకు కూచున్నవాళ్ళని కూడా తలుచుకుని వెయ్యాలి. మా మేనకోడలు చెప్పినదాన్ని బట్టి ఇప్పటివాళ్ళు ఆ రెండూ విడదీయడం నేర్చుకున్నారు. విదేశాలకి మాట్లాడాలంటే పేరు చెప్పు. ప్రాణం మీదికి వస్తే ఏమీ చెప్పకు, ఎత్తు చాలు.

బయలుదేరే ముందు, "మీ ఆఫీసులో అటెండర్లకి, తుడిచేవాళ్ళకి ఈ 112 సంగతి తెలుసా?" అని అడిగాను. ఆ పిల్ల తెల్లబోయింది. "ఫోన్లకి చెప్పాం కాని వాళ్ళకి చెప్పలేదత్తయ్యా" అంది. మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చి, ప్రతి ఫోను పక్కనా తెలుగులో, హిందీలో చిన్న చీటీ అంటించామని చెప్పింది. ఆ పక్క బల్లమీది ఆవిడ పేరు కూడా తీసేశారుట. ఆ కుర్రాణ్ణి ఇంక ఎవరూ మేడమ్ అనరు.